ఉజ్బెక్ అనే మాటా, రెండు తెల్ల మూతలూ

తలుపు కింద నుంచి ఈతకొలను వాసన వచ్చింది. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

బహ్రెయిన్ తీరాన ఉన్న అమ్వాజ్‌లో మేం పనిచేసే భవనంలో మూడో అంతస్తు. ఆదివారం, పదకొండు కావస్తోంది. శుక్ర, శనివారాలు గడపడానికి వచ్చినవాళ్లు ఖాళీ చేసిన ఫ్లాట్లన్నీ మధ్యాహ్నం మూడింటికల్లా మళ్లీ సిద్ధం కావాలి. నేను దుప్పట్ల బండి తోసుకుంటూ ఆ తలుపు ముందు నుంచి వెళ్తున్నాను. ఈతకొలను ఉన్నది కింద, భవనం వెనక. మూడో అంతస్తు నడవాలోకి దాని వాసన రావడానికి వీల్లేదు. నిలబడి విన్నాను. లోపల నీళ్ల చప్పుడు లేదు, బ్రష్షు చప్పుడు లేదు. ఆ తర్వాత దగ్గు వినిపించింది. ఊపిరి తీసుకోవడానికి సందు ఇవ్వని దగ్గు.

లోపల ఉన్నది మాతో పనిచేసే ఉజ్బెక్ ఆవిడ. అరగంట క్రితం ఆమెను ఆ ఫ్లాటుకి పంపింది నేనే.

ఈ సంగతి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పిల్లలు పడుకున్నాక, గ్యాసు పొయ్యి కట్టేశానా లేదా అని రెండుసార్లు చూసి వచ్చి, ఇప్పుడు రాస్తున్నాను. ఆ ఉద్యోగం ఇప్పుడు నాకు లేదు. కానీ మన గోదావరి జిల్లాల నుంచి ఇలాంటి పనులకి ఇంకా ఎందరో చెల్లెళ్లు వస్తూనే ఉన్నారు. వాళ్లలో నాలాగా నాలుగు అక్షరాలు చదువుకుని, ఆ కారణంగా నలుగురి మీద అజమాయిషీ దొరికినవాళ్లు ఉంటారు. ముఖ్యంగా వాళ్లు చదవాలి.

మేం ఏడుగురం ఆడవాళ్లం. రోజువారీ అద్దెకిచ్చే ఫ్లాట్లు కడిగి, తుడిచి, పక్కలు మార్చడం మా పని. ఆరుగురం తెలుగువాళ్లం. నేను బీయస్సీ చదివాను కాబట్టి షిఫ్టు ఇన్‌చార్జిని చేశారు. మాలో పెద్దావిడ రాజోలు దగ్గర నుంచి వచ్చింది, పద్నాలుగేళ్లుగా బహ్రెయిన్‌లోనే ఉంది. ఆమెను అందరం అక్కా అనేవాళ్లం. ఏడో మనిషి ఉజ్బెకిస్తాన్ నుంచి, ఫెర్గానా అనే చోటు నుంచి వచ్చింది. వయసు నలభై అయిదు దాకా ఉంటుంది. బంగారు పన్ను ఒకటి, తలకి పూల రుమాలు. తనను ఓపా అని పిలవమంది. వాళ్ల భాషలో అక్క అని అర్థమట. మాకు సామాన్లు తెచ్చే పాకిస్తానీ డ్రైవరు విని, "మా ఉర్దూలోనూ అక్కని ఆపా అనే అంటాం," అన్నాడు. చాయ్, నాన్, కితాబ్, దునియా, ఇలా మాకూ ఆవిడకీ ఉమ్మడి మాటలు చాలానే దొరికాయి. చిన్నప్పటి నుంచి హిందీ సినిమాలు చూసిందట. ఆ సినిమా హిందీ, మా బజారు హిందీ, మధ్యలో అరబ్బీ మాటలు, పద అనడానికి యల్లా, అయిపోయింది అనడానికి ఖలాస్ కలిపి ఎలాగో నడిపేవాళ్లం.

మా సూపర్‌వైజరు లక్నో వైపు మనిషి. చెడ్డవాడు కాదు. మా చిన్నవాడికి ఒంట్లో బాగోలేదంటే రెండుసార్లు అడక్కుండానే ఇంటికి పంపాడు. ఓపా పనిలో చేరిన రోజు ఆమె కాగితాలు చూసి, పాస్‌పోర్టు మాకు చూపిస్తూ, "వచ్చిందమ్మా మనకి అసలైన ఉజ్బక్!" అని పడీ పడీ నవ్వాడు. మాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. హిందీలో, ఉర్దూలో ఉజ్బక్ అంటే మొద్దు, మొరటు మనిషి, చెప్పింది బుర్రకెక్కని వాడు అని. అది వినగానే మేమూ నవ్వాం. నేనూ నవ్వాను. ఓపా కూడా మా ముఖాలు చూసి, బంగారు పన్ను కనిపించేలా నవ్వింది.

ఆ రోజు నుంచి ఆవిడ ఏం చేసినా ఆ మాటే. ఒక రోజు చిన్న కెటిల్ తెచ్చి మా అందరికీ పచ్చ టీ చేసింది. మొదటి కప్పు పోసి మళ్లీ కెటిల్లోనే పోసేసింది. అలా మూడుసార్లు. ఆ తర్వాత ఒక్కొక్కరికి సరిగ్గా సగం కప్పే పోసింది.

"చూడమ్మాయ్, ఎంత పిసినారితనమో! సగం కప్పేంటే, గొంతు తడవడానికా?" అంది అక్క తెలుగులో.

నేను హిందీలో అడిగాను, ఇలా సగమే పోస్తావేంటని. ఓపా తెల్లబోయింది. అతిథికి సగమే పోయాలట. నిండా పోస్తే తాగేసి త్వరగా వెళ్లమని అర్థమట. సగం పోస్తే, చల్లారకముందే మళ్లీ మళ్లీ పోస్తాను, నాతో కూర్చో అని.

"ఓస్, మర్యాదా! అయితే మా ఇంట్లో అందరికీ నిండా పోసి తగలేసేను కదే ఇన్నాళ్లూ," అంది అక్క. అందరం నవ్వాం.

ఆ రోజే అడిగాను, అసలు ఉజ్బెక్ అంటే మీ భాషలో ఏమిటని. ఓపా టీ కప్పు కింద పెట్టి, అరచెయ్యి గుండెల మీద ఆనించింది. "ఓజ్," అంది. తాను, తన సొంతం. తర్వాత చెయ్యి పైకెత్తి, "బెక్," అంది. దొర, అధికారి. ఎవరికి వాళ్లే దొర అన్నమాట. ఆ చెప్పడంలో బడిపిల్ల పాఠం అప్పజెబుతున్నట్టు ఉంది.

నేను తెలుగు చేసి చెప్పగానే అక్క అందుకుంది. "ఎవరికి వాళ్లే దొరలైతే ఈ బాత్రూములు ఎవరు కడుగుతారే తల్లీ?"

అదే సమయానికి భవనం మేనేజరు అటు వచ్చాడు. ఈజిప్టు మనిషి. ఏమిటి నవ్వుతున్నారని అడిగి, విషయం విని, కైరోలో ఎజ్బెకియా అని ఒక పేట ఉందనీ, అక్కడ పాత పుస్తకాలు అమ్ముతారనీ, ఎప్పుడో ఎజ్బెక్ అనే పేరున్న అమీరు కట్టించిన చోటనీ చెప్పాడు. తన చిన్నతనంలో వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్లేవాడట. అది చెబుతున్నప్పుడు ఆయన ముఖం మెత్తబడింది. యల్లా, యల్లా అని మమ్మల్ని తరమడం మరచిపోయాడు.

ఆ వారం ఫోన్లో వెతికి చదివాను. నాకు అలాంటి పిచ్చి ఉంది. పండితులకే ఏకాభిప్రాయం లేదు. తనకు తానే దొర అన్న అర్థాన్ని చాలామంది చెప్పుకుంటారు. పూర్వం ఆ పేరున్న ఒక ఖాను ఏలాడు, ఆయన మనుషులకి ఆయన పేరే నిలిచిపోయింది అంటారు కొందరు. ఓగుజ్ అనే పాత తురుష్క తెగ పేరులోంచి పుట్టిందంటారు ఇంకొందరు. మరి మన వైపుకొచ్చేసరికి మొద్దు ఎందుకైంది? దీనికి గట్టి జవాబు నాకు దొరకలేదు. సమర్‌కండ్ నుంచి మొగలులను తరిమింది ఉజ్బెకులే కాబట్టి ఢిల్లీ దర్బారులో ఆ పేరు పలికినప్పుడల్లా మూతి విరుపు ఉండేదేమో అని ఒక ఊహ. కత్తి పట్టుకుని కొలువుకి వచ్చిన పరాయి దేశపు సిపాయికి ఇక్కడి భాష రాక, తెల్లముఖం వేసుకుని నిలబడితే మొద్దు అనుకుని ఉంటారేమో అని నా ఊహ. భాష రానివాడు ఎక్కడైనా మొద్దులాగే కనిపిస్తాడు. ఈ దేశంలో దిగిన మొదటి నెలంతా నేనూ అలాగే కనిపించి ఉంటాను.

మనమేం తక్కువ తినలేదు. అర్థం కాని కేకల్ని అరవ గోల అంటాం. తురక అన్న మాట టర్కుల పేరే; దాన్ని మన ఊళ్లలో ఏ గొంతుతో వాడతారో అందరికీ తెలుసు. ఇవన్నీ అప్పట్లోనే నాకు తోచాయి. తోచి, చదువుకున్నదాన్ని కదా అని కొంచెం గర్వపడ్డాను కూడా. కానీ సూపర్‌వైజరు ఉజ్బక్ అన్నప్పుడు నవ్వడం మాత్రం మానలేదు.

ఇప్పుడు సీసాల సంగతి.

బహ్రెయిన్ నీళ్లకి షవర్ అద్దాల మీద, కుళాయిల మీద తెల్లగా పొర కడుతుంది. దాన్ని వదిలించడానికి యాసిడ్. కమోడ్‌కి, గచ్చుకి బ్లీచు. ఇవి పెద్ద డబ్బాల్లో వస్తాయి. మేం వాటిని ఖాళీ నీళ్ల సీసాల్లో పోసుకుని బకెట్లో పెట్టుకుని ఫ్లాట్లకి వెళ్తాం. అలా పోయకూడదని నాకు తెలుసు. అన్నిచోట్లా అలాగే పోస్తారు. మాలో నలుగురికి ఇంగ్లీషు చదవడం రాదు. అందుకని నేను ఇన్‌చార్జి అయిన వారంలోనే మార్కర్ పెన్నుతో సీసాల మీద తెలుగులో రాశాను. యాసిడ్, బ్లీచు, అద్దం, నేల. అక్క నా బుగ్గలు పుణికి, "చదువుకున్న పిల్ల చదువుకున్న పిల్లే," అంది. ఆ తర్వాత ఏడాదిలో ఒక్క పొరపాటు జరగలేదు. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన మంచి పని ఏదంటే అదేనని చెప్పుకునేదాన్ని.

ఓపా వచ్చాక, అక్షరాలు ఆవిడకి పనికిరావు కాబట్టి మూతలు చూపించాను. ఎర్ర మూత యాసిడ్, నీలం మూత బ్లీచు. ఒక్కసారి చెబితే పట్టుకుంది. ఇంకో వరసలో ఇంగ్లీషు రాద్దామా, బొమ్మ గీద్దామా అని ఒకసారి అనిపించింది. ఒక్క మనిషి కోసం అన్ని సీసాలూ మళ్లీ రాయడమెందుకులే అని ఊరుకున్నాను.

ఆ ఆదివారం పాత సీసాలు పగుళ్లు వచ్చాయని పారేసి, కొత్తవాటిలో పోశాను. అన్నీ ఒకే రకం నీళ్ల సీసాలు, అన్నింటికీ తెల్ల మూతలు. అక్షరాలు రాశాను కదా అనుకున్నాను. మాలో ఏడో మనిషికి ఆ అక్షరాలు రావన్న సంగతి నాకు గుర్తు లేదు. సరిగ్గా అప్పుడే బడి నుంచి ఫోను. మా చిన్నవాడికి జ్వరం, వాంతి అయింది, ఎవరైనా వచ్చి తీసుకెళ్లండి అని. నేను మావారికి ఫోను చేస్తూ ఉన్నాను. ఓపా రెండు సీసాలు, చేతికొకటి ఎత్తి పట్టుకుని నా ముందుకొచ్చి ఏదో అడిగింది. నేను ఆమె వైపు తిరగలేదు. ఫోను చెవికి ఆనించుకునే, చెయ్యి ఊపి, "యల్లా ఓపా, యల్లా," అన్నాను.

నేను బీయస్సీలో కెమిస్ట్రీ చదివాను. యాసిడూ బ్లీచూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని.

మాస్టర్ తాళంతో తలుపు తీశాను. ఏసీ చల్లదనం కోసం కిటికీలన్నీ మూసి ఉన్నాయి. కళ్లలో కారం కొట్టినట్టయింది. ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్లాను. ఓపా బాత్రూము గడప మీద మోకాళ్లతో ఉంది. కమోడ్‌లో పచ్చగా నురగ. చంకల కింద చేతులు వేసి లాగాను, కదల్లేదు. నా కేకకి అక్క పరిగెత్తుకొచ్చింది. "ఒసేయ్ బాల్కనీ! బాల్కనీ తలుపు తియ్యి ముందు!" అని అరుస్తూ ఆమె కాళ్లు పట్టుకుంది. ఇద్దరం ఈడ్చుకుంటూ బయటికి చేర్చాం. ఆ సెప్టెంబరు ఎండలో, ఉక్కలో, ఆ సముద్రపు గాలి ఎంత రుచిగా ఉందో చెప్పలేను. అక్క తడి తువ్వాలుతో ఓపా ముఖం, కళ్లు తుడుస్తూనే ఉంది. "నాకేసి చూడమ్మా, చూడు, గాలి పీల్చు, నా తల్లి కదూ," అని తెలుగులోనే మాట్లాడింది. ఓపా ఆమె కళ్లలోకి చూస్తూ పీల్చింది. అంబులెన్సు వచ్చేదాకా అలాగే.

ప్రాణానికి ప్రమాదం లేదని, రెండు రోజులు ఉంచుకుంటామని మధ్యాహ్నానికి కబురొచ్చింది. నాలుగింటికి సూపర్‌వైజరు నన్ను ఆఫీసు గదికి పిలిచాడు. రిపోర్టు అప్పటికే రాసి ఉంది. శిక్షణ ఇచ్చినప్పటికీ పనిమనిషి నిర్లక్ష్యంగా రెండు రసాయనాలు కలిపింది అని ఇంగ్లీషులో మూడు వాక్యాలు. కింద ఇన్‌చార్జి సంతకానికి చోటు.

"సంతకం పెట్టు సిస్టర్, ఖలాస్," అన్నాడు.

"ఆమెను ఏం చేస్తారు?"

"ఇంకేం చేస్తారు? పంపించేస్తారు. ఉజ్బక్‌తో పని చేయిస్తే ఇంతే. నేను మొదటి రోజే అన్నానా లేదా?"

అన్నాడు. మేం నవ్వాం కూడా. ఆ రిపోర్టు ఎవరికీ అబద్ధంలా అనిపించదని నాకు అప్పుడు అర్థమైంది. రెండు నెలలుగా మేమందరం కలిసి దాన్ని కొంచెం కొంచెంగా రాస్తూనే ఉన్నాం.

"సీసాలకి మూతలు..." అని మొదలుపెట్టాను.

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. గొంతు తగ్గించాడు. "సిస్టర్, నీకు ఇద్దరు పిల్లలు. నాకు ముగ్గురు. నీ పేరొస్తే నా పేరొస్తుంది. ఆమె పేరొస్తే ఆమెతో ఆగిపోతుంది. ఇంటికెళ్లి ఆలోచించుకో, రేపు పొద్దున పెట్టు."

నా ఉద్యోగం ఉంటేనే పిల్లలు మాతో ఇక్కడ ఉండి చదువుకోగలరు. అది పోతే నేనూ వాళ్లూ ఊరికి, ఆయన ఇక్కడ కార్మికుల క్యాంపు గదికి. లెక్క అంతే. అటువైపు, ఓపాకి ఒక్కతే కూతురు, నర్సింగ్ కాలేజీలో రెండో ఏడు. ఈవిడ ఉద్యోగం మీదే ఆ అమ్మాయి చదువు.

అరాద్‌లో మా ఇంటికెళ్లి, చిన్నవాడి నుదురు తాకి చూసి, వాళ్ల నాన్నకి అప్పగించి ఆసుపత్రికి వెళ్లాను. చేతిలో కమలాల సంచి. ఓపా దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. తల రుమాలు లేదు. జుట్టు నేననుకున్నదానికంటే బాగా నెరిసి ఉంది.

"నేను అడిగాను," అంది నన్ను చూడగానే. గొంతు గరగరలాడుతోంది. "రెండు సీసాలు చూపించాను. నువ్వు యల్లా అన్నావు."

"మా వాడికి జ్వరం..."

"తెలుసు. విన్నాను. అందుకే మళ్లీ అడగలేదు."

మధ్యాహ్నం సూపర్‌వైజరు వచ్చి వెళ్లాడని చెప్పింది. తనతో మంచిగానే మాట్లాడాడట. బయటికెళ్లి ఫోన్లో ఎవరితోనో ఉజ్బక్ అన్నాడట.

నేను తలొంచుకున్నాను. "ఆ మాటకి హిందీలో..."

"నాకు చెప్పకు. నేను హిందీ సినిమాలు చూసి పెరిగాను. వచ్చిన రోజే తెలుసు."

"మరి ఆ రోజు నువ్వూ నవ్వావు కదా ఓపా?"

"మీరు ఆరుగురు నవ్వుతున్నారు. నేను ఒక్కదాన్ని. ఏడవమంటావా?"

ఆ రిపోర్టు సంగతి చెప్పాను. చివరికి అడగకూడనిది అడిగాను. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

ఆవిడకి కోపం వచ్చింది. దగ్గు కూడా వచ్చింది. తగ్గాక అంది: "నీ చెయ్యి, నీ కలం. నన్ను అడక్కు. నిజం రాయొద్దని నేనంటే నీకు నిద్ర పడుతుంది, రాయమంటే నా వల్ల నీ ఉద్యోగం పోయిందంటావు. రెండూ నాకొద్దు. ఈ కమలాలు కూడా తీసుకుపో. గొంతు మండుతోంది. నీ పిల్లాడికి పెట్టు."

బస్సులో కూర్చున్నాక ఆవిడ జాతి పేరు గురించి మళ్లీ ఆలోచించాను. ఇన్నాళ్లూ ఎవరు అడిగినా దాని అర్థం నేను నవ్వుతూ చెప్పేదాన్ని, దొర అన్న సగం దగ్గర అందరూ నవ్వేవారు కాబట్టి. మొదటి సగాన్ని ఎవరం పట్టించుకోలేదు. తాను, తన సొంతం. మాలాంటి వాళ్లం ఎవరి మీదా దొరతనం చెయ్యలేం. వీసా ఇచ్చిన యజమాని, కఫీలు ఒకడు, సూపర్‌వైజరు ఒకడు, మేనేజరు ఒకడు. కానీ మూతలు మార్చిన చెయ్యి నా సొంతం. యల్లా అన్న నోరు నా సొంతం. ఆ తప్పుని ఇంకొకరి ఖాతాలో వెయ్యడానికి ఎవరి అనుమతీ సరిపోదు, చివరికి ఆవిడదైనా.

ఇదేదో గొప్పగా నిర్ణయించుకున్నానని అనుకోకండి. ఇంటికెళ్లి మావారితో గంటసేపు వాదించాను. ఆయన జరిగింది జరిగినట్టు రాయమన్నాడు, నేను వద్దన్నాను. తర్వాత ఆయన పోనీ వద్దులే అన్నాడు. అప్పుడు రాయక తప్పదనిపించింది. సీసాల మీద తెలుగులో రాసింది నేను, ఆమెకి రంగు మూతలు నేర్పింది నేను, ఆ రోజు మూతలు మార్చి చెప్పనిది నేను, ఆమె అడిగితే చూడకుండా సమాధానం ఇచ్చింది నేను. ఇంగ్లీషులో ఒక పేజీ అయింది. మూడుసార్లు చించి నాలుగోసారి రాశాను.

ఏమైందో కూడా చెప్పేస్తాను, దాచడానికేం లేదు. ఓపాని పంపలేదు. నాకు ఇన్‌చార్జి పని తీసేశారు. కాంట్రాక్టు ముగిశాక పొడిగించలేదు. పిల్లలూ నేనూ ఒక ఏడాది అమలాపురంలో ఉన్నాం. మా పెద్దది నాన్న కోసం ఆ ఏడాదంతా బెంగపెట్టుకుంది. తర్వాత ఆయనకి జీతం పెరిగాక, ఆయన వీసా మీద మళ్లీ వచ్చాం. ఆ భవనంలో ఇప్పుడు అసలు డబ్బాల్లోంచే వాడుతున్నారని, వాటి మీద బొమ్మలు కూడా అంటించారని అక్క చెప్పింది. సూపర్‌వైజరు నాతో మళ్లీ మాట్లాడలేదు. ఓపా మాట్లాడింది కానీ మునుపటిలా కాదు. నేను క్షమాపణ చెప్పినప్పుడు తల ఊపింది, అంతే. అంతకంటే కావాలని ఆశపడటం కూడా నా స్వార్థమే.

అయితే ఆ మర్నాడు పొద్దున ఇవేవీ నాకు తెలియవు. చిన్నవాడికి జ్వరం తగ్గింది, ఇంకా మంచం మీదే ఉన్నాడు. పెద్దది యూనిఫాం వేసుకుని పాలగ్లాసు ముందు కూర్చుంది. ఇద్దరినీ చూస్తూ, నిన్న ఒక ఆంటీకి నా వల్ల పెద్ద దెబ్బ తగిలిందని చెప్పాను.

"ఎవరైనా చూశారా?" అని అడిగింది పెద్దది.

"ఎవరూ చూడలేదు."

"మరి నువ్వెందుకు చెప్పడం?"

నేను వాళ్లతో ఇలా అన్నాను: "ఆవిడ నన్ను అడిగిందమ్మా, ఇది ఏమిటి అని. నేను చూడకుండా వెళ్లమన్నాను. ఇప్పుడు తప్పు ఆవిడదే అంటున్నారు. నేను వెళ్లి, కాదు, నాది అని చెప్పాలి. చెప్పాలంటే నాకు భయంగానే ఉంది. సాయంత్రానికి అమ్మకి డ్యూటీ ఉండకపోవచ్చు. నాన్నని వదిలి మనం కొన్నాళ్లు ఊరెళ్లాల్సి రావచ్చు. అప్పుడు నా మీద కోపం వస్తే నాతోనే చెప్పండి, ఆ ఆంటీని మాత్రం ఒక్క మాట అనకండి. పాలు తాగు, బస్సు వచ్చేస్తుంది."